నీళ్లు లేని దారిలో వాటర్ వాష్

హిందూపురం నుంచి పెనుకొండ దాకా బైకులో పోతూ రోడ్డు పక్క బోర్డులు చదవండి. టీ, పంక్చర్, బిర్యానీ అయ్యాక ఎక్కువగా కంటబడేది ‘వాటర్ వాష్’. ఒక రేకుల షెడ్డు, ఒక సిమెంటు ర్యాంపు, నీలం రంగు ట్యాంకు, చేతిలో గన్ను పట్టుకుని ప్యాంటు మోకాళ్ల దాకా మడిచిన ఒక పిల్లోడు. ఇదే దారిలో నీళ్ల ట్యాంకర్లు కూడా తిరుగుతుంటాయి. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే చోట్లలో ఇదొకటని బడి పుస్తకాల్లోనే చదువుకున్నాం. అలాంటి నేల మీద నీళ్లు చల్లి డబ్బులు సంపాదించే వ్యాపారం ఎట్లా నడుస్తోంది? ఇంకొకరు కొత్తగా మొదలుపెడితే నిలబడుతుందా?

ఈ ప్రశ్న నాది కాదు, మా చిన్నాన్న కొడుకుది. పెనుకొండ దగ్గర కారు విడిభాగాలు చేసే ఒక కంపెనీలో కాంట్రాక్టు పని వాడిది. కాంట్రాక్టు ఇంకో మూడు నెలల్లో అయిపోతుంది. చేతిలో లక్షన్నర ఉంది. ఇంకో లక్షన్నరకి పిన్నమ్మ తన గాజులు బ్యాంకులో పెడతానంది. గాజుల మాట వచ్చాక వాడికి నిద్ర పట్టడం లేదు. “అన్నా, ఒక్క దినం నాతో రా. మూడు ఊర్లూ చూసొద్దాం. చూసినంక నువ్వు వద్దంటే మానేస్తా” అన్నాడు. బెంగళూరు నుంచి శనివారం రాత్రి బస్సెక్కి వచ్చాను.

రీల్స్‌లో ఫ్రాన్స్

వాడికి ఈ పిచ్చి పట్టించింది ఫోనే. మీరూ చూసే ఉంటారు ఆ రీల్స్. నల్లగా పాచి పట్టిన పెంకుల ఇల్లు, దాని మీద ఒకడు గన్ను ఆడిస్తుంటే ఇటుక రంగు గీత గీతగా బయటికొస్తుంది. వాడు ఎక్కువగా చూసేవి ఫ్రాన్స్‌వి. అక్కడ ఇది పెద్ద పనే. పారిస్‌లో భవనం ముందు గోడల్ని కనీసం పదేళ్లకోసారైనా శుభ్రం చేయించాలనే నిబంధన ఉంది. చిన్నగా సొంత పని పెట్టుకునేవాళ్లకు 2009 నుంచి సులువైన ఒక రిజిస్ట్రేషన్ పద్ధతి ఉంది. 2023 నుంచి అదంతా ఒకే వెబ్‌సైటులో చేసుకోవచ్చు. ఒక వ్యాను, ఒక మిషను, ఒక ఇన్సూరెన్సు ఉంటే చాలు, పనిలోకి దిగుతారు.

జర్మనీ కంపెనీ కార్చర్ 1950లో వేడినీళ్ల ప్రెషర్ వాషర్‌ను యూరప్‌లో మొదటిసారి తయారుచేసింది. ఫ్రెంచివాళ్లకు ఆ కంపెనీ పేరే మిషను పేరైపోయింది, మనం జిరాక్స్ అన్నట్టు. 2005లో అప్పటి హోం మంత్రి సర్కోజీ ఒక పేదల కాలనీకి వెళ్లి, దీన్ని కార్చర్‌తో కడిగేస్తానన్న అర్థంలో మాట్లాడి పెద్ద గొడవ తెచ్చుకున్నాడు. మిషను పేరు రాజకీయాల్లో తిట్టుగా మారింది.

రీల్ చూసి మనం పట్టించుకోని సంగతి ఒకటుంది. అక్కడ మురికి తడి వల్ల వస్తుంది. వాన, మంచు, పాచి. ఆ పాచిని కడగడానికి నీళ్లు కూడా అదే వాన ఇస్తుంది. మన దగ్గర మురికి పొడి వల్ల వస్తుంది. ఎర్రదుమ్ము. వాన లేకపోవడం వల్లే దుమ్ము, వాన లేకపోవడం వల్లే నీళ్లకు కరువు. గిరాకీని తెచ్చేదీ సరుకును లేకుండా చేసేదీ ఒకటే. ఆ మాటకొస్తే ఫ్రాన్స్‌లోనూ 2022 వేసవి కరువులో చాలా జిల్లాల్లో ఇంటి దగ్గర కారు కడగడం ఆపేశారు. వృత్తిగా నడిపే వాషింగ్ స్టేషన్లకే, అదీ షరతుల మీద, వదిలిపెట్టారు.

ఇదంతా చెప్తే మా తమ్ముడు, “సరే అన్నా, మనూరి సంగతి చూద్దాం పా” అన్నాడు.

హిందూపురం: లెక్క చెప్పిన అన్న

పొద్దున్నే ఉగ్గాణి బజ్జీ తిని బయలుదేరాం. హిందూపురం బెల్లం, చింతపండు మార్కెట్ల ఊరు. తూముకుంట, గోళ్లాపురం వైపు ఫ్యాక్టరీలు. లేపాక్షికి పోయే టూరిస్టు కార్లు, బెంగళూరు నంబరు బండ్లు, ఆటోలు, ట్రాక్టర్లు. కడగడానికి బండ్లకు కొదవ లేదు. కానీ ఈ ఊరికి నీళ్ల కష్టం కూడా పాతదే. బిందెలు వరసపెట్టి ట్యాంకరు కోసం కాచుకున్న వీధుల్లోనే పెరిగినోళ్లం మేం.

ఊరి బయట ఒక వాటర్ వాష్ దగ్గర బైకు ఆపాం. ఓనరుకు నలభై ఏళ్లుంటాయి. మేం పోటీకొచ్చామని అనుకోలేదు, నవ్వాడు. “ఏమప్పా, మిషను రేటు అడగనీకి వచ్చినారా? అందరూ అదే అడుగుతారు. మిషనుదేముండాది, యాడైనా దొరుకుతుంది. నీళ్లు యాడ తెస్తావో చెప్పు ముందు.”

ఆయన చెప్పిన లెక్క ఇది. బైకుకి నూరు రూపాయలు, కారుకి మూడొందల యాభై. ఆదివారం నిండా పని. సోమ, మంగళవారాల్లో సగం కూడా ఉండదు. పెళ్లిళ్ల కాలం, ఆయుధ పూజ బాగుంటాయి. వాన పడిన మరుసటి రోజు కూడా బాగుంటుంది. వాన పడుతున్న రోజు మాత్రం ఒక్కరూ రారు.

నీళ్ల లెక్క మేమే వేశాం. మిషను నిమిషానికి పది లీటర్లు వదులుతుందనుకోండి. బైకు మీద గన్ను నొక్కి ఉండేది ఐదు నిమిషాలు, అంటే 50 లీటర్లు. కారుకి పావుగంట, 150 లీటర్లు. రోజుకి 20 బైకులు, 10 కార్లు వస్తే 2,500 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకరు రెండు రోజులకు ఒకటి. నెలకు 26 పని దినాలైతే 13 ట్యాంకర్లు. గమ్మత్తేంటంటే, మామూలు పైపు తెరిచి కడిగితే ఇంతకంటే ఎక్కువే పోతాయి. ప్రెషర్ వాషర్ నీళ్లు తాగే మిషను కాదు, నీళ్లు పొదుపు చేసే మిషను. కానీ పొదుపు చేసినా 2,500 అంటే 2,500.

“బోరు వేసుకుంటే?” అన్నాడు తమ్ముడు.

“ఏసుకో. నాది ఎండిపోయింది, ఇది రెండోది” అన్నాడాయన. బోరు వేయాలంటే వాల్టా చట్టం, అంటే 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అనుమతి కావాలి. అనుమతి దొరకొచ్చు. నీళ్లు పడతాయని ఏ కాగితమూ రాసివ్వదు. పడిన నీళ్లు కూడా చాలాచోట్ల ఉప్పుగా, గట్టిగా ఉంటాయి. కారు ఆరాక అద్దం మీద తెల్ల మచ్చలు మిగులుతాయి. గన్ను మూతి దగ్గర సున్నం పేరుకుని పూడుకుపోతుంది.

పోతూ పోతూ ఆయన ఇంకో మాట చెప్పాడు. “కరెంటుకి ఎర్త్ సరిగ్గా ఏయించు. లీకైతే టక్కున పడిపోయే బ్రేకరు పెట్టించు. తడి నేల మీద పిల్లోల్లు ఉత్త కాళ్లతో నిలబడి చేస్తారు. అది మర్చిపోవద్దు.” ఆయన దగ్గర పనిచేసే అబ్బాయి కాళ్లు చూశాను. వేళ్ల మధ్య చర్మం తెల్లగా నాని పగిలి ఉంది. గమ్ బూట్లు గోడకు వేలాడుతున్నాయి. “ఉక్కపోస్తాదన్నా” అన్నాడు ఆ అబ్బాయి.

పెనుకొండ: కార్ల ఊరు, రాళ్ల ఊరు

హిందూపురం నుంచి పెనుకొండ సుమారు 40 కిలోమీటర్లు. సోమందేపల్లి దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీదికి వచ్చాక ప్రపంచం మారిపోతుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గరే కియా ఫ్యాక్టరీ. 2017లో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ ఇక్కడి నుంచే బయటికొచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యంతో కట్టారు. వేరుశనగ చేల పక్కన కొరియన్ భాషలో బోర్డులు పుట్టుకొచ్చాయి.

మా తమ్ముడి ఆశంతా ఇక్కడే. “కార్లు పుట్టే ఊర్లో కార్లు కడిగేటోడు బతకడా అన్నా?” వినడానికి బాగుంది. కానీ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చే కారు మన దగ్గర ఆగదు. ట్రైలరెక్కి హైవే మీద వెళ్లిపోతుంది. ఇక్కడ ఆగేవి ఫ్యాక్టరీకి పనికొచ్చే వాళ్ల బైకులు, కంపెనీ బస్సులు, క్యాబులు, సరుకు లారీలు. గిరాకీ ఉంది గానీ అది సెల్టోస్ గిరాకీ కాదు, స్ప్లెండర్ గిరాకీ. రేటు, పెట్టుబడి దాన్ని బట్టే లెక్కేసుకోవాలి.

ఫ్యాక్టరీకి నీళ్లు గొల్లపల్లి జలాశయం నుంచి వస్తాయి. అవి మన వాన నీళ్లు కావు. శ్రీశైలం వెనుక జలాల నుంచి మాల్యాల దగ్గర ఎత్తిపోసి, హంద్రీ–నీవా కాలువలో జీడిపల్లి మీదుగా ఇంత దూరం తెచ్చిన కృష్ణా నీళ్లు. గట్టు మీద నిలబడి చూస్తే మా తాతల కాలం వాళ్లెవరూ ఇది నమ్మరనిపించింది. అయితే ఆ నీళ్లకు తాగేవాళ్లున్నారు, చేలున్నాయి, ఫ్యాక్టరీ ఉంది. వరసలో వాటర్ వాష్ షెడ్డు ఎక్కడో చివర ఉంటుంది. ఉండాల్సింది కూడా అక్కడే. 2024 మార్చిలో బెంగళూరులో బోర్లు ఎండినప్పుడు తాగునీళ్లతో కార్లు కడగడాన్ని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా పెట్టారు. మనకు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో జరిగిన సంగతి అది. కరువొస్తే ముందు మూతపడేది ఈ షెడ్డే. అది తెలిసి దిగాలి.

మధ్యాహ్నం ఎండలో గగన్ మహల్ దగ్గరికెళ్లాం. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత హంపి పాడుబడితే విజయనగర రాజధాని పెనుకొండకే వచ్చింది. ఆ కాలం మిగిల్చిన అందమైన కట్టడం ఇది. కొండ కింద రెండంతస్తుల మేడ, పైన గోపురం లాంటి శిఖరం, సున్నపు గచ్చు పూత. గోడల మీద నల్లటి చారలు చూసి తమ్ముడు చటుక్కున అన్నాడు: “దీనికి మన గన్ను పెడితే ఒక్క దినంలో తెల్లగా అయిపోతుందన్నా!”

కచ్చితంగా అవుతుంది. తెలుపుతో పాటు గచ్చు కూడా పోతుంది. కారు టైరులో గాలి ఒత్తిడి రెండు, రెండున్నర బార్ ఉంటుంది. చిన్న ప్రెషర్ వాషర్ 100 నుంచి 120 బార్, అంటే టైరుకి దాదాపు 50 రెట్లు. ఆ దెబ్బకు కారు పెయింటే గన్ను మరీ దగ్గరికి తెస్తే లేచిపోతుంది. వందల ఏళ్ల సున్నం ఎంత? అమెరికాలో మౌంట్ రష్‌మోర్ కొండ మీది అధ్యక్షుల ముఖాలను 2005లో కార్చర్ వాళ్లు కడిగారు. అది గట్టి రాయి, చేసింది నిపుణులు, తీసింది రాతికి పట్టిన పాచిని. మన ఊరి పాత గుడికి, దర్గాకి, కోటగోడకి సేవ చేద్దామని ఎవరైనా ఇలాంటి మిషను తెస్తే మాత్రం ఆపండి. పురావస్తు శాఖకు తెలియకుండా దేన్నీ ముట్టుకోకూడదు. కడిగేవాడికి ఏది కడగకూడదో తెలియడం కూడా పనిలో భాగమే.

తమ్ముడు గోడను చేత్తో తడిమి చూశాడు. వేళ్లకు సున్నం పొడి అంటుకుంది. ఇంకేం మాట్లాడలేదు.

ధర్మవరం: పట్టు కడిగే చేతులు

చెన్నేకొత్తపల్లి మీదుగా ధర్మవరం చేరేసరికి సాయంత్రం నాలుగైంది. ఇక్కడ కూడా వాటర్ వాష్ షెడ్లు చూద్దామనే వచ్చాం. కానీ మా ప్రశ్నకు జవాబు ఒక రంగుల షెడ్డులో దొరికింది. అది మా తమ్ముడి స్నేహితుడి మామది.

ధర్మవరం పట్టుచీర అందరికీ తెలుసు. దాని వెనుక ఎంత కడుగుడు ఉందో తక్కువ మందికి తెలుసు. పట్టుపురుగు వదిలే దారానికి బంక ఉంటుంది. కిలో దారంలో దగ్గర దగ్గర పావు కిలో దాకా ఆ బంకే. సబ్బు వేసి ఉడకబెట్టి ఆ బంక తీస్తేనే దారానికి మెత్తదనం, మెరుపు వస్తాయి. తర్వాత జాడించాలి. రంగు వేయాలి. మళ్లీ జాడించాలి. నీళ్లు గట్టివైతే సబ్బు సరిగ్గా పని చేయదు, రంగు సమంగా పట్టదు. వాటర్ వాష్ వాడికి నీళ్లు ఎన్ని ఉన్నాయనేదే బాధ. రంగులద్దేవాడికి నీళ్లు ఎలాంటివనేది కూడా బాధే.

ఆ పెద్దాయన వరసగా మూడు తొట్లు పెట్టుకున్నాడు. చివరి తొట్టిలో మంచి నీళ్లు. దారం ఆఖరి జాడింపు అందులో. ఆ నీళ్లు కొంచెం మాసినాక పారబోయడు, నడిమి తొట్టికి మారుస్తాడు. నడిమి తొట్టివి మొదటి దానికి. పారబోసేది మొదటి తొట్టి నీళ్లే. “మాసిన దారానికి మంచి నీళ్లెందుకు నాయనా? మొదటి కడుగుడికి మాసిన నీళ్లు సాలు. ఆఖరి కడుగుడికి మాత్రం తేట నీళ్లు గావాల” అన్నాడు.

తమ్ముడు ఆ మూడు తొట్ల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఫోన్ తీసి కాలిక్యులేటర్ తెరిచాడు.

గాజుల లెక్క

రాత్రి ధర్మవరం జంక్షన్ బయట టీ తాగుతూ వేసిన లెక్క ఇది. ఇలాంటి పని పెట్టాలనుకునే వాళ్లెవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

షెడ్డు రేకుల పైకప్పు వెయ్యి చదరపు అడుగులు అనుకుందాం. 550 మిల్లీమీటర్ల వానకు దాని మీద పడేది సుమారు 51 వేల లీటర్లు. పోయింది పోగా 40 వేలు పట్టుకోవచ్చు. రోజుకు 2,500 చొప్పున వాడితే 16 రోజులకే ఖాళీ. ఏడాది వాన పదహారు రోజుల పని! ఇక్కడ ఎవరికైనా మనసు విరుగుతుంది.

కానీ పెద్దాయన తొట్ల లెక్క వేస్తే కథ మారుతుంది. వాన నీళ్లు తేట నీళ్లు. మచ్చలు పడవు. వాటిని ఆఖరి జాడింపుకే వాడాలి. బండికి పది లీటర్ల చొప్పున 30 బండ్లకు రోజుకు 300 లీటర్లు. అప్పుడు అదే 40 వేల లీటర్లు 133 రోజులు వస్తాయి. అయితే వాన అంతా కొన్ని నెలల్లోనే కురుస్తుంది కాబట్టి దాచుకునే సంపు పెద్దదిగా ఉండాలి. మొదటి కడుగుడికి, బురద వదిలించడానికి నిన్నటి నీళ్లే చాలు. ర్యాంపు కింద కాలువ, దాని చివర మూడు గదుల తొట్టి. మొదటి గదిలో మట్టి అడుగుకి దిగుతుంది. రెండో గదిలో నూనె పైకి తేలుతుంది. మూడో గదిలో మిగిలిన నీళ్లు వడగట్టి మళ్లీ పంపుకి. ఆ నూనె నీళ్లు రోడ్డు పక్క కాలువలోకి, అక్కడి నుంచి చెరువులోకి పోకుండా ఉండటమే ఊరికి జరిగే మేలు. ఫ్రాన్స్‌లో వాషింగ్ స్టేషన్‌కు నూనె వేరుచేసే తొట్టి ఉండాల్సిందే. మనం చట్టం కోసం కాకపోయినా ట్యాంకరు బిల్లు కోసమైనా పెట్టుకోవాలి.

మిగతావి తేలికే. పంచాయతీ లేదా మున్సిపాలిటీ లైసెన్సు. ఉద్యం రిజిస్ట్రేషన్, అది ఉచితం, బ్రోకరుకు డబ్బులు ఇవ్వొద్దు. కమర్షియల్ కరెంటు కనెక్షన్. ముద్రా పథకంలో ‘కిశోర్’ కింద 50 వేలకు పైన 5 లక్షల దాకా అప్పు అడగొచ్చు. సేవల వ్యాపారంలో ఏడాదికి 20 లక్షల టర్నోవరు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్.

“అంటే అన్నా, ముందు కొనాల్సింది మిషను కాదు” అన్నాడు తమ్ముడు.

“మరి?”

“సంపు. సంపు తవ్వి, వానకాలంలో ఒక్కసారి నిండితే చూసి, అప్పుడు మిషను కొంటా. అంతవరకు పనికి పోతా. కాంట్రాక్టు అయిపోతే ఇంకోటి ఎతుక్కుంటా. అమ్మ గాజులు అట్లే ఉండనీ.”

“లక్షన్నరకు సంపు, తొట్టి అయిపోతాయా?”

“మట్టి పని నేను, నా ఫ్రెండ్సు చేస్తాం. కాకపోతే ర్యాంపు చిన్నగా పెడతా. మొదట బైకులే.”

వాడు గెలుస్తాడో లేదో నాకు తెలీదు. ఒకటి మాత్రం చూశాను. పొద్దున హిందూపురంలో బయలుదేరినప్పుడు వాడి ఫోన్‌లో సేవ్ చేసుకున్న ఫొటోలన్నీ మిషన్లవి. రాత్రికి అందులో మూడు తొట్ల ఫొటో ఒకటి చేరింది. ఇంటికి చేరాక పిన్నమ్మకు చూపించిన మొదటి ఫొటో అదే. ఆమె చూసి, “ఇది చాకలి తొట్టి కదరా” అంది. వాడు అవునన్నాడు.